రాతిలోని స్ఫటికములు: పంచాయతీలు గుర్తింపవలసిన సంపద

బావి త్రవ్వుచుండగా, కంకరకొరకు బండను పగులగొట్టుచుండగా, రోడ్డుకొరకు గుట్టను కోయుచుండగా ఒక్కొక్కప్పుడు రాతి నడుమ చిన్న బొర్ర బయటపడుట కలదు. దానిలో దీపపు వెలుగు పడగానే గాజుపలుకులవంటివో, ఇత్తడి పాచికలవంటివో తళతళ మెరయును. అటుపిమ్మట జరుగునది మనమెరిగినదే. బంగారము దొరికినదని ఊరంతయు గుమిగూడి, సమ్మెటలతో మోది, ఆ మెరపును పిండిచేయుదురు. లేదా, ఇది దేనికిని పనికిరాదని కంకర కుప్పలో కలిపివేయుదురు. ఎట్లు జరిగినను నష్టము గ్రామమునకే.

ఇట్టి రాళ్లకు ఖనిజ స్ఫటికములని పేరు. విశ్వవిద్యాలయములు, వస్తుప్రదర్శనశాలలు, అభిరుచితో సేకరించువారు దేశదేశములందును వీనిని వెలయిచ్చి కొనుచున్నారు. కాని ఇది తూకమునుబట్టి అమ్ముడుపోవు సరకు కాదు. మొన విరుగక, అంచు చెదరక, ఏ ఊరిలో ఏ బావిలో ఎంతలోతున దొరికినదో తెలియు స్ఫటికమునకే విలువ. మొన విరిగినచో దాని వెలలో అధికభాగము పోవును; పుట్టినచోటు తెలియకున్నచో శాస్త్రజ్ఞులకు దానివలన కలుగు ప్రయోజనము చాలవరకు పోవును. ఈ నష్టములు రెండును దొరికిన తొలిగంటలోనే జరిగిపోవుచున్నవి. ఆ సమయమున అక్కడ ఉండువారు శాస్త్రజ్ఞులు కారు, వర్తకులు కారు. బావి త్రవ్వు కూలీలు, భూమిగల ఆసామి, కబురు విని వచ్చిన పంచాయతీ సభ్యులు. అందుచేతనే ఈ విషయమును ముందుగా సభ్యులకు విన్నవింపదలచితిమి.

స్ఫటికమనునది వింతవస్తువు కాదు. పటికబెల్లపు పలుకును చేతబట్టి చూడుడు. చెక్కినట్లు చదునైన ముఖములు, సూటియైన అంచులు కనిపించును. కల్లుప్పును భూతద్దముతో చూచినచో అనేకములు చిన్న ఘనములుగా, అనగా పాచికల ఆకారమున, ఉండును. వీనిని ఎవరును చెక్కలేదు. పాకము నిదానముగా ఆరినకొలది పలుకు పెద్దదగును. ఇది పటికబెల్లము చేయువారికి తెలిసిన సంగతియే. భూగర్భమునను జరుగుచున్నది ఇదియే. వేడినీటిలో కరిగియున్న పదార్థములు, ఆ నీరు చల్లారినపుడు, రాతి పగుళ్లలోను బొర్రలలోను పేరుకొని స్ఫటికములగుచున్నవి. పెరుగుటకు చోటు చాలనప్పుడు అవి ఒకదానినొకటి ఒత్తుకొని మామూలు రాయిగానే మిగులును. అందుచేత చక్కని స్ఫటికములకు ఖాళీస్థలమైన బొర్ర గాని, ఒత్తినపుడు దారియిచ్చు మెత్తని మట్టిరాయి గాని ఉండవలెను.

వీనిలో అందరిని ఆకర్షించునది, అందరిని మోసపుచ్చునది ఇనుప మాక్షికము. శాస్త్రజ్ఞులు దీనిని పైరైటు అందురు. ఇది ఇనుము గంధకముల కలయికచే ఏర్పడినది; నూరుపాళ్ల తూకమున ఇనుము 46.6 పాళ్లు, గంధకము 53.4 పాళ్లు ఉండును. రంగు లేత ఇత్తడిరంగు. తరచుగా పాచికవలె ఆరుముఖముల ఘనముగా పెరుగును. కొన్నిచోట్ల పండ్రెండు అయిదుమూలల ముఖములతో బంతివలె నుండును. పాచికను దగ్గరగా చూచినచో ముఖములపై సన్నని గీతలుండుట కద్దు. ఒక ముఖముపై గీతలు నిలువుగా నున్నచో దాని ప్రక్క ముఖముపై అడ్డముగా నుండును. ఇత్తడిని కోసి మోసముచేయువానికి ఈ గీతల సంగతి తట్టుట అరుదు.

స్పెయిన్ దేశపు ఉత్తరభాగమున, లా రియోహా ప్రాంతమున, నవహూన్ అను మిక్కిలి చిన్న గ్రామము కలదు. ప్రపంచమున ఖనిజములు సేకరించువారిలో ఆ ఊరిపేరు వినని వారు అరుదు. అక్కడి గుట్టలలో సున్నము కలిసిన మెత్తని మట్టిరాయి పొరలుండగా, వానిలో మాక్షికపు పాచికలు విడివిడిగాను, రెండుమూడు ఒకదానిలో ఒకటి చొచ్చుకొనియు దొరకుచున్నవి. వాని ముఖములు అద్దమువలె నునుపు. యంత్రముతో కోసినవేమోయని మొదటిసారి చూచినవారు సందేహింతురు. అచ్చట త్రవ్వువారు ఇనుమును గాని గంధకమును గాని ఆశింపరు. పాచికను పాచికగానే బయటకు తీయుటకు శ్రమపడుదురు. మెత్తనిరాతిని గడ్డలుగా తీసి, నెమ్మదిగా విడగొట్టి, విరిగినవానిని అతికి కూడ అమ్ముట కలదు. రుసుము చెల్లించి స్వయముగా ఏరుకొనుటకు వచ్చు యాత్రికులును కలరు. కరిగించి ఇనుము తీసినచో కొద్దిపాటి ధరకైనను అమ్ముడుపోని రాయి, యథాతథముగా తీయుటచేత ఒక పల్లెకు పేరు తెచ్చినది. పెరూ దేశమున ఉవాన్సాలా గనియు, ఇటలీకి చెందిన ఎల్బా ద్వీపమును ఇట్లే మాక్షికమునకు ప్రసిద్ధములు. అమెరికాలోని ఇల్లినాయిస్ రాష్ట్రమున బొగ్గుపొరపై నున్న పలకరాతిలో రూపాయి బిళ్లవలె చదునైన మాక్షికపు చక్రములు దొరకును. వానిని సూర్యబింబములని పిలుతురు.

బంగారమా, మాక్షికమా?

ఈ ప్రశ్నకు తప్పుడు సమాధానము చెప్పుకొని నష్టపడినవారు పామరులు మాత్రమే కారు. ఫ్రాన్సు దేశపు నావికుడు జాక్ కార్టియే 1542లో కెనడానుండి బంగారమును వజ్రములును తెచ్చితినని తలచి స్వదేశము చేరెను. పరీక్షింపగా బంగారమనుకొన్నది మాక్షికము, వజ్రములనుకొన్నవి పలుగురాళ్లు. నాటినుండి కల్లవస్తువును కెనడా వజ్రమనుట ఆ దేశమున వాడుకయైనది. మన పల్లెలలో మెరయు అభ్రకపు రేకులను కాకిబంగారమనుట ఇట్టి వాడుకయే.

పరీక్ష కష్టమైనది కాదు. మన కంసాలి చేతిలోని గీటురాయియే చాలును. బంగారపు గీటు పసుపుపచ్చగా నుండును. మాక్షికపు గీటు పచ్చఛాయగల నలుపు. గీటురాయి లేనిచో మెరుగుపూత లేని పింగాణి గిన్నె అడుగుభాగమున గీయవచ్చును. సుత్తితో మెల్లగా తట్టినచో బంగారము రేకుగా సాగును, మాక్షికము పొడియై రాలును. ఉక్కుతో కొట్టిన నిప్పురవ్వలు ఎగయును. దీని పాశ్చాత్యనామమునకు మూలము గ్రీకుభాషలో నిప్పు అను అర్థముగల మాటయే. బంగారమును చాకుమొనతో సులభముగా గీయవచ్చును, మాక్షికముపై చాకు సాధారణముగా పనిచేయదు. బరువు నీటికంటె బంగారమునకు 19 రెట్లు, మాక్షికమునకు 5 రెట్లు మాత్రమే. అయితే ఈ పరీక్షలన్నియు విరిగిన తునకలపైననే చేయవలెను. చక్కని పాచికను సుత్తితో తట్టి ఇది బంగారము కాదని నిరూపించినవాడు, ఉన్న విలువను కూడ పోగొట్టినవాడగును.

నిప్పులపై వేసి చూచుట ఎంతమాత్రము తగదు. గంధకపు పొగ వెలువడి ఊపిరితిత్తులకు హాని చేయును. కొన్ని మాక్షికములలో పాషాణము, అనగా ఆర్సెనిక్ అను విషము, కలిసియుండును. ఆయుర్వేదమున స్వర్ణమాక్షికభస్మము కలదుగదాయని ముడిరాతిని నూరి సేవించుట మరింత ప్రమాదకరము.

పంచాయతీలకు మాక్షికముతో మరియొక పని కలదు. మాక్షికము అధికముగా గల గనిమట్టిని బయట కుప్పపోసినచో గాలియు వాననీరును తగిలి గంధకామ్లము పుట్టును. ఆ కుప్పనుండి వచ్చు కాలువ అడుగున ఎర్రని, పసుపుపచ్చని మడ్డి పేరుకొనును. ఆ నీరు పైరునకును చేపలకును చేటు. ఇట్టి కుప్పలను చెరువు ఎగువను పోయనీయకుండుట మంచిది. ఆ ఆమ్లగుణమే అదనుచూచి వాడినచో మేలుచేయును. బీహారులోని అమ్‌ఝోర్ గనుల మాక్షికమును పొడిచేసి ఉత్తర భారతమున చౌడుభూములను బాగుచేయుటకు పూర్వము వినియోగించిరి.

నల్లరాతి బొర్రలు

ఇక మన దేశము ఖనిజ సేకర్తలలో పేరుపొందినది మాక్షికముచే కాదు, దక్కను నల్లరాతిచే. సుమారు 6.6 కోట్ల సంవత్సరముల క్రిందట పశ్చిమభారతమున భూమి చీలి, లావా పొరలుపొరలుగా ప్రవహించి గడ్డకట్టినది. మహారాష్ట్రమున అధికభాగమును, తెలంగాణలో ఆదిలాబాదు, సంగారెడ్డి, వికారాబాదు ప్రాంతములలో కొంతభాగమును ఈ రాయియే కప్పియున్నది. మన నల్లరేగడి భూములలో చాలభాగము ఈ రాయి చివికి ఏర్పడినదే. లావా చల్లారునపుడు అందలి ఆవిరి బుడగలు రాతిలో బొర్రలుగా నిలిచిపోయినవి. తరువాతికాలమున వేడినీరు ఆ బొర్రలలో ఇంకి, జియోలైటులను ఖనిజములను, వానికి తోడుగా అపోఫిల్లైటు, పలుగురాయి, కాల్సైటు మున్నగువానిని నింపినది.

బొంబాయి పూనాల నడుమ భోర్ ఘాటులో రైలుమార్గమునకై కొండను తొలిచినపుడు ఇట్టి స్ఫటికములు విశేషముగా బయటపడినవి; 1863లో ఆ ఘాటుమార్గము ప్రారంభమగునాటికి వానిలో కొన్ని విదేశములకు చేరసాగినవి. పూనా సమీపమున వాఘోలి రాతిగనులలో కావన్సైటు అను ముదురునీలపు ఖనిజము నల్లరాతిపై చిన్నచిన్న పూలబంతులవలె దొరకినది. దానిని 1967లో మొదట గుర్తించినది అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రముననేకాని, సేకర్తలకు అది పరిచితమగుట వాఘోలి వలననే. 2001లో నేటి అహిల్యానగర్ జిల్లాలోని రాహురి సమీపమున, మోమిన్ ఆఖాడా వద్ద ఒక బావి త్రవ్వకమున ఆకుపచ్చని అపోఫిల్లైటు గుండ్రని గుత్తులుగా లభించెను. అవి నేడు అనేకదేశముల ప్రదర్శనశాలలలో ఉన్నవి. ఆ బావి సేద్యపుబావి. అట్టివి మన ఊళ్లలోను త్రవ్వుచునే యున్నాము. నాసిక్ దగ్గర సిన్నర్‌లో గార్గోటి అనుపేర ఒక ఖనిజ ప్రదర్శనశాలయే వెలసినది. మహారాష్ట్రకు పోవు సభ్యులు దానిని చూచుట లాభకరము. వినుటకంటె చూచినపుడే రాతియందు కన్ను కుదురును.

మన ప్రాంతమున స్ఫటికములు నల్లరాతికే పరిమితములు కావు. భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో పాల్వంచ సమీపమున గరీబ్‌పేట గుట్ట ఎర్రని గార్నెట్టు రాళ్లకు బహుకాలముగా పేరెన్నికగన్నది. నెల్లూరు, తిరుపతి జిల్లాలలో గూడూరు, సైదాపురము చుట్టుపట్ల అభ్రకపు గనులు కలవు. అభ్రకము పుస్తకమువలె పుటలుపుటలుగా విడిపోవు స్ఫటికము. గుంటూరు సీమలో అగ్నిగుండాల ప్రాంతమున సీసము, రాగి ఖనిజములు కలవు. కర్నూలు జిల్లాలో తుగ్గలి, జొన్నగిరి పొలములలో తొలకరి వానలు పడగానే జనులు వజ్రములకై వెదకుట ఏటేట జరుగుచున్నదే. నేలను చూచు కన్ను మనవారికి కొత్తకాదు. వజ్రము కానిదెల్ల వట్టిరాయి అను తలంపు మాత్రము విడువవలసియున్నది.

బొర్ర కనబడినపుడు

మొట్టమొదట పని నిలుపవలెను. పలుగుపోటు మరియొకటి పడినచో పదిస్ఫటికములు రాలును. రాతిగనిలో మందుగుండు పేల్చినపిమ్మట బొర్ర కనబడినచో, మేస్త్రీ వచ్చి పేలని మందు లేదని, పైబండ వదులుగా లేదని చెప్పువరకు ఎవరును దగ్గరకు పోరాదు. ఎంత చక్కని స్ఫటికమైనను ఒక మనిషి చేతివ్రేలితో సరిగాదు. బావిలోనైనచో పైన మోకుపట్టిన మనిషి నిలిచియుండవలెను. లోతుబావులలో గాలి చెడియుండుట కలదు.

స్ఫటికమును చేతబట్టి పెరుకుట పెద్ద పొరపాటు. అది రాతికి అంటుకొనియున్నచోట కాక నడుమ విరుగును. బొర్ర చుట్టును జానెడు దూరమున ఉలితో గాడిచేసి, అడుగురాతితోసహా గడ్డగా విడదీయవలెను. రాతిపై నిలిచిన స్ఫటికమునకు విడిస్ఫటికముకంటె ఆదరము ఎక్కువ. లోపల పొడి, మట్టి ఉన్నచో అక్కడ తుడువరాదు. ఆ మట్టియే దారిలో దానికి పరుపుగా నుండును. రాలిపడిన తునకలను కూడ అదే సంచిలో వేయవలెను, పిమ్మట అతుకుటకు వీలగును. పాతగుడ్డ, వార్తాపత్రిక, వరిగడ్డి చుట్టి, ఒకదానితో నొకటి రాసికొనకుండ పెట్టెలో అమర్చవలెను. గ్రుడ్లను సంతకు తీసికొనిపోవు నేర్పు ఉన్నవారికి ఇది చెప్పనక్కరలేదు.

ఇంటికి చేరినతరువాత మంచినీటితో, మెత్తని కుంచెతో కడుగవచ్చును. పుల్లని ద్రవములు, ఆమ్లములు వాడరాదు. జియోలైటులు వానిలో చెడిపోవును, కాల్సైటు పొంగి కరిగిపోవును. ఆరబెట్టుటకు పొయ్యిదగ్గర పెట్టరాదు. అపోఫిల్లైటు వేడికి రేకులుగా విచ్చుకొనును, దాని పేరునకు అర్థమే అది. మాక్షికమునకు తడి ఎక్కువ శత్రువు. కడిగినవెంటనే పూర్తిగా ఆరబెట్టి, మూతగల డబ్బాలో మందుసీసాలలో వచ్చు సిలికాజెల్ పొట్లములతో ఉంచవలెను. కోస్తాజిల్లాల వానకాలమున ఈ జాగ్రత్త లేనిచో కొన్ని మాక్షికములు తెల్లని, పసుపుపచ్చని బూడిద పట్టి పగిలిపోవును. వాని ఆమ్లము పెట్టెను, చీటిని కూడ తినివేయును. అట్టిదానిని తక్కినవానినుండి వెంటనే వేరుచేయవలెను.

చీటి అంటిమి, దానినిగూర్చి కొంత ఒత్తిచెప్పవలెను. రాయి ఎంత చక్కనిదైనను చీటిలేనిచో అది అనాథ. గ్రామము, మండలము, జిల్లా, సర్వేనంబరు, బావియైనచో ఎన్ని అడుగుల లోతున, ఏ రంగు రాతిలో, ఏ తేదీన, ఎవరు తీసిరో వ్రాయవలెను. రాతి అడుగున కనబడనిచోట తెల్లరంగు చుక్కపెట్టి సంఖ్యవేసి, అదే సంఖ్యను ఒక రిజిస్టరులో ఎక్కింపవలెను. కొందరు వర్తకులు తమ ఆనవాలు దాచుటకై ఊరిపేరు మార్చిచెప్పుట కలదు. పంచాయతీ కార్యాలయమున తేదీతో వ్రాసిన పుట యున్నచో ఆ కల్ల నిలువదు.

అనుమతి, భాగము

నేల నాది, రాయి నాదియని త్రవ్వకము సాగించుటకు వీలులేదు. 1957 నాటి గనులు ఖనిజముల చట్టము క్రింద అనుమతి లేక గనిత్రవ్వుట నేరము. అడవిలోనైనచో రాయియు ఖనిజమును అటవీ ఉత్పత్తులుగానే ఎన్నబడును. బావి త్రవ్వుచుండగా కొలదిగా దొరకుట వేరు, దానికై పొలమును గనిగా మార్చుట వేరు. ఈ భేదము గ్రామస్థులకు ముందుగా తెలుపుట సభ్యుల పని. దొరకినది విశేషముగా కనబడినచో జిల్లా గనులు, భూగర్భశాఖ కార్యాలయమునకు వ్రాయవలెను. 1851లో ఏర్పడిన భారత భూగర్భ పరిశోధనసంస్థకు హైదరాబాదున కార్యాలయము కలదు. షెడ్యూల్డు ప్రాంతములలో చిన్నతరహా ఖనిజములకు లీజు ఇచ్చుటకు ముందు గ్రామసభయొక్క గాని, తగిన స్థాయి పంచాయతీయొక్క గాని సిఫారసు ఉండితీరవలెనని 1996 నాటి చట్టము చెప్పుచున్నది. లీజుదారులు చెల్లించు సొమ్ముతో గనులవలన బాధపడు ప్రాంతములకు ఖర్చుచేయు జిల్లా ఖనిజనిధులు 2015 చట్టసవరణతో ఏర్పడినవి. తమ గ్రామము ఆ జాబితాలో ఉన్నదో లేదో ప్రతి పంచాయతీ విచారించుకొనవలెను.

తొలిచూపున కొనవచ్చిన వర్తకునికి అక్కడికక్కడ ఇచ్చివేయుట తొందరపాటు. చట్టము ప్రకారము అమ్మదగినదే అయినను, రెండుమూడు చోట్ల చూపి వెల తెలిసికొన్నపిదపనే మాట ఇవ్వవలెను. బావిలో దిగి ప్రాణము పణముగాపెట్టి తీసిన కూలివానికి దినకూలితో సరిపెట్టుట న్యాయము కాదని మా అభిప్రాయము. ఆసామికెంత, కూలీలకెంత అనునది పని ప్రారంభమునకు ముందే పెద్దలయెదుట మాటాడుకొన్నచో తరువాత తగవు రాదు. రాయి బయటపడినతరువాత ఈ మాట ఎత్తినచో ఎవరికిని చెవికెక్కదు.

పిల్లలను పాత అభ్రకపు గుంటలలోనికి, విడిచిన రాతిగనులలోనికి పోనీయరాదు. నీరునిండిన గుంట లోతు పైకి కనబడదు, పక్కలు విరిగిపడును. అట్టి గుంటలకు కంచెవేయించు బాధ్యత లీజుదారుదే; అతడు కనబడనిచో జిల్లా అధికారులకు పంచాయతీ తీర్మానము పంపవలెను. పిల్లలు చూడవలసిన రాళ్లను బడికే తేవచ్చును. ఊరి బావిలో దొరకిన నల్లరాయి, పలుగురాయి, అభ్రకపు రేకు, కల్లుప్పు, పటికబెల్లము ఒక గాజుతలుపుల బీరువాలో చీటీలతో నుంచుటకు ఖర్చు స్వల్పము. విరిగిన తునకలను వారి చేతికిచ్చి గీటువేసి చూడనీయవచ్చును. మంచివి తాళము వేసిన అరలో ఉండవలెను. సీసపు ఖనిజమును మాత్రము చేతికీయక, చూచుటకే ఉంచవలెను; ఒకవేళ తాకినచో చేతులు కడుగుకొన్నపిదపనే భోజనమునకు కూర్చుండవలెను.